‘నా కోసం దేవుడికి చెప్పమ్మా’ అని పేషెంట్ అడిగితే ఏం చెయ్యాలి?

ప్రశ్న: తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో కొత్తగా చేరిన స్టాఫ్ నర్సును. అడ్మిషన్ ఫారంలో ‘ఆధ్యాత్మిక అవసరాలు’ అని ఒక గడి ఉంది. అందరూ అక్కడ హిందూ, ముస్లిం, క్రిస్టియన్ అని రాసి వదిలేస్తున్నారు. మొన్న నైట్ డ్యూటీలో ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుని ‘నా కోసం దేవుడికి చెప్పమ్మా’ అంది. నేను క్రిస్టియన్‌ని. ఏమనాలో తెలియక మందులిచ్చి వచ్చేశాను. ఇన్‌చార్జ్ సిస్టర్‌కి చెబితే ‘అవన్నీ మనకెందుకు, ఇంజెక్షన్లు టైముకి పడ్డాయా లేదా చూసుకో’ అన్నారు. ఇది నిజంగా మన పనేనా? మన పనే అయితే ఎలా చెయ్యాలి?

జవాబు:

మన పనే చెల్లీ. ట్రైనింగ్‌లో వర్జీనియా హెండర్సన్ అనే అమెరికన్ నర్సు చెప్పిన మనిషి 14 అవసరాలు బట్టీ పట్టే ఉంటావు. ఊపిరి, తిండి, విసర్జన, నిద్ర అంటూ వెళ్తే పదకొండోది ‘తన నమ్మకం ప్రకారం ఆరాధించుకోగలగడం’. పరీక్షలో రాశాం, మార్కులొచ్చాయి, అక్కడితో మర్చిపోయాం. అంతర్జాతీయ నర్సుల మండలి నీతి నియమావళిలోనూ రోగి ఆచారాలను, ఆధ్యాత్మిక నమ్మకాలను గౌరవించాలనే ఉంది. ఆసుపత్రుల నాణ్యత చూసే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కోసం ఆసుపత్రులు గోడకు పెట్టే రోగి హక్కుల బోర్డులో కూడా ఇదొకటి. మీ ఆసుపత్రిలో ఆ బోర్డు ఉంటే ఒకసారి చదువు. కొత్తలోనే ఇన్‌చార్జ్‌తో వాదనకు దిగమని చెప్పను గానీ, నీకు మాత్రం అనుమానం ఉండకూడదు.

ఆ గడిలో ‘హిందూ’ అని రాస్తే నీకు కొత్తగా తెలిసిందేమిటి? ఆ మంచం మీది మనిషి రోజూ సుప్రభాతంతో లేచేవాడా, ఏళ్లుగా గుడి గడప తొక్కనివాడా, కొడుకు పోయాక దేవుడి పటాలన్నీ తీసి అటక మీద పడేసినవాడా? ముగ్గురికీ ఫారంలో ఒకటే మాట. నన్నడిగితే మూడోవాడికే నర్సు అవసరం ఎక్కువ.

మన ఊళ్లో ఒక రకం కేసు ఇంకెక్కడా ఇంతగా కనబడదు. కొండకు నడిచి వెళ్తూ గుండెపోటుతో పడిపోయి, దర్శనం కాకుండానే కిందికి వచ్చిన భక్తులు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఉపవాసంతో, ఆ పూట బీపీ మాత్ర మానేసి, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినవాళ్లు వాటిని ఎక్కుతారు. అలా వచ్చిన ఒక పెద్దాయన, అనంతపురం వైపు మనిషి. స్టెంట్ వేశారు, బీపీ బాగుంది, ఈసీజీ బాగుంది. మనిషి మాత్రం గోడవైపు తిరిగి పడుకుంటాడు, అన్నం ముట్టడు, మాత్రలు బలవంతంగా మింగించాలి. నొప్పి ఉందా అంటే లేదంటాడు. షిఫ్ట్ హ్యాండోవర్‌లో ‘పేషెంట్ సహకరించడం లేదు’ అని చెప్పుకుంటున్నారు. సెలైన్ మారుస్తూ ‘దర్శనం అయినాకనా, ముందేనా పెద్దాయనా?’ అని అడిగాను. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ‘గాలిగోపురం దాకా వచ్చినా తల్లీ. స్వామి నన్ను రావద్దనేసినాడు.’

ఇక్కడ మన నోటికి ముందు వచ్చే మాట ‘అయ్యో, అలా ఎందుకనుకుంటారు, స్వామి చల్లగా చూశాడు కాబట్టే బతికారు’. మంచి మాటే, కానీ దానితో ఆయన నోరు మూతపడుతుంది. నేను ‘రావద్దన్నాడని ఎందుకనిపించింది?’ అని మాత్రం అడిగాను. కూతురి పెళ్లయితే నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాడట. పెళ్లయి, మనవరాలు బడికి పోతున్నా మొక్కు తీర్చలేదు. ఆ ఆలస్యానికే ఈ శిక్ష అని ఆయన లెక్క. ‘ఇప్పుడు ఏం జరిగితే మీ మనసు కుదుటపడుతుంది?’ అన్నాను. కొడుకు పైకి వెళ్లి ముడుపు హుండీలో వేసి రావాలి, తనకు కొండ కనబడే మంచం కావాలి. ఈ రెండే. కిటికీ పక్క మంచం మర్నాడు ఖాళీ అయ్యింది, మార్చాం. కొడుకు వెళ్లొచ్చాడు. ఆ తర్వాత మాత్రల కోసం ఎవరూ బతిమాలాల్సిన పని పడలేదు.

ఇలాంటివాళ్ల డిశ్చార్జ్ రోజు ఇంకో సంగతి మర్చిపోకు. ‘బాగవ్వగానే మళ్లీ నడిచే వస్తా’ అంటారు, ఖాయంగా అంటారు. కార్డియాలజిస్ట్ ఒప్పుకునేదాకా మెట్ల జోలికి పోవద్దని, స్టెంట్ తర్వాత రాసిన రక్తం పలచబడే మాత్రలు ఉపవాసం రోజున కూడా మానకూడదని ఇంట్లోవాళ్ల ఎదుటే చెప్పాలి.

ఇదంతా అడగడానికి ఒక పద్ధతి కావాలంటే ‘ఫికా’ అని నాలుగు ప్రశ్నల సాధనం ఉంది. అమెరికాలో డాక్టర్ క్రిస్టీనా పుచాల్స్కీ 1996లో తయారుచేశారు. నమ్మకం, దాని ప్రాముఖ్యం, తోడుండే సమూహం, చికిత్సలో మనం చెయ్యాల్సింది. ఈ వరసలోనే అడిగితే సర్వే చేసినట్టు ఉంటుంది. మన పేషెంట్లతో నేను ఇలా అడుగుతాను: కష్టమొచ్చినప్పుడు మీకు దేని మీద ధైర్యం? ఈ జబ్బు వచ్చాక ఆ ధైర్యం ఎలా ఉంది? మీ గుడి వాళ్లో, చర్చి వాళ్లో, మసీదు వాళ్లో, ఇంకెవరైనా మిమ్మల్ని చూడ్డానికి రావాలని ఉందా? ఇక్కడున్నన్నాళ్లు మేం చూసుకోవాల్సింది ఏమైనా ఉందా? రెండో ప్రశ్న దగ్గర కాసేపు ఆగు. అసలు సంగతి ఎక్కువగా అక్కడే బయటికొస్తుంది.

టైమ్ ఎక్కడుంది అంటావు. విడిగా కుర్చీ వేసుకుని కూర్చునే టైమ్ ఎవరికీ లేదు. స్పాంజ్ బాత్ చేసేటప్పుడు, వీపుకి పౌడర్ రాసేటప్పుడు, డ్రెస్సింగ్ విప్పేటప్పుడు చేతులకు పని ఉంటుంది, నోరు ఖాళీయే. పేషెంట్లు కూడా మొహం చూసి చెప్పలేనివి వీపు తిప్పి చెబుతారు. కాన్యులా (నరంలోకి పెట్టే సెలైన్ గొట్టం) వేస్తూ మాత్రం ఇవి అడగొద్దు. విజిటింగ్ అవర్స్‌లో చుట్టాల మధ్య అసలే అడగొద్దు.

ఇక ఆ అవ్వ సంగతి. అర్ధరాత్రి పూట నువ్వే దేవుణ్ని కొలుస్తావో ఆమెకు అక్కర్లేదు. వార్డులో మెలకువగా ఉన్న మనిషివి నువ్వొక్కదానివే, అందుకే నిన్నడిగింది. ‘చెబుతాను అవ్వా. ఏమని చెప్పమంటావు?’ అని అడిగి చూడు. నయం చెయ్యమని చెప్పమంటుందని మనం అనుకుంటాం. చాలాసార్లు వేరేది వస్తుంది. ‘నా వైద్యానికి కొడుకు అప్పు చేసినాడు, వాడు బాగుండాలని చెప్పు.’ ‘బాధ లేకుండా తీసకపొమ్మని చెప్పు.’ ‘రేపు ఆ ముక్కు గొట్టం మళ్లీ ఎయ్యకుండా చూడమని చెప్పు.’ మొదటిది వింటే ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్‌కు వాళ్లబ్బాయిని పంపాలి. రెండోది డాక్టరుకు చెప్పాలి. మూడోది మనకే తగులుతుంది, రైల్స్ ట్యూబ్ (ఆ ముక్కు గొట్టం) వేసేముందు ఎవరూ ఆమెకు ఒక్క మాట చెప్పలేదని అర్థం. దేవుడికి పెట్టుకునే అర్జీలో సగం మన డ్యూటీ చార్టులో ఉండాల్సినవే.

నువ్వు క్రిస్టియన్ అవడం అడ్డేం కాదు. చెబుతానన్నావు కాబట్టి మనసులో నీ దేవుడికే చెప్పు, అందులో అబద్ధం లేదు. దేవుణ్ని నమ్మని నర్సు అయితే ‘నువ్వు దండం పెట్టుకో అవ్వా, అయిపోయేదాకా నేను ఇక్కడే ఉంటా’ అనొచ్చు. పైకి వినబడేలా నీ పద్ధతిలో ప్రార్థన నువ్వు మొదలుపెట్టకూడదు. మంచం మీదున్న మనిషి నీ చేతి మందు తినాలి, నువ్వు ఇచ్చే బెడ్‌పాన్ వాడాలి. ఇష్టం లేకపోయినా వద్దని అనలేదు. ఇదే రూలు గోవింద నామాల పుస్తకం పంచే సిస్టర్‌కీ వర్తిస్తుంది, ఖురాన్ ఆయత్ చదివి ఊదే బ్రదర్‌కీ వర్తిస్తుంది. ప్రచారం ఏ మతానిదైనా వార్డులో తప్పే. పేషెంట్ అడిగితే వాళ్ల సొంత పెద్దల్ని పిలిపించు.

ఇప్పుడు రోజువారీ తలనొప్పులు. తిరుపతిలో తీర్థం, ప్రసాదం లేకుండా చుట్టం రాడు. పక్షవాతం వచ్చిన పేషెంట్‌కు మింగే పరీక్ష చెయ్యకముందే ఒక చెంచా తీర్థం పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెచ్చిపెట్టొచ్చు. ‘తీర్థం పొయ్యొద్దు’ అని గట్టిగా అంటే నువ్వు లేనప్పుడు పోస్తారు. ‘మింగడం ఇంకా సరిగ్గా రాలేదు, కళ్లకద్ది తల మీద రాయండి’ అంటే సంతోషంగా రాస్తారు, మనవాళ్లకు అది తెలిసిన పద్ధతే. డయాలసిస్ పేషెంట్‌కు ఉద్ధరణి తీర్థంతో ఏమీ కాదు, ఇన్‌టేక్ చార్టులో రాసుకో. సీసాతో తెచ్చి రోజంతా తాగిస్తేనే గొడవ. కీమోలో తెల్లకణాలు పడిపోయినవాళ్లకూ, కిడ్నీ మార్పిడి అయినవాళ్లకూ కాచని నీళ్లు ఏవైనా సరే వద్దు, వాళ్లకు తల మీద చల్లడమే. షుగర్ పేషెంట్ చిటికెడు లడ్డూ కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటే పెద్ద తేడా రాదు. సగం లడ్డూ దిండు కింద దాచుకుంటే గ్లూకోమీటర్ చెప్పేస్తుంది. విభూతి, కుంకుమ నుదుటికి సరే, కుట్ల దగ్గరకూ సెంట్రల్ లైన్ (పెద్ద నరంలోకి వేసిన గొట్టం) దగ్గరకూ రాకూడదు. ఆక్సిజన్ పెట్టిన చోట కర్పూరం, అగరుబత్తి, దీపం మాత్రం ఎవరు అడిగినా కుదరదు. అక్కడ మొహమాటం పెట్టుకోవద్దు.

చేతి తాడు కాన్యులాకు అడ్డమొస్తే కత్తెరతో తీసేసే అలవాటు చాలా వార్డుల్లో ఉంది. నాకది చూస్తే ఒళ్లు మండుతుంది. అది కాణిపాకంలో కట్టించుకున్నదో, కాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకుని వస్తూ కట్టుకున్నదో, దర్గాలో ఇచ్చిన తాయెత్తో నీకు తెలీదు. వాళ్ల చేతే విప్పించి రెండో చేతికి కట్టించు. మురికి పట్టి ఉంటే చిన్న కవర్లో వేసి పేరు రాసి ఇంటివాళ్లకు ఇవ్వు. తాళి సంగతి ముందు రోజు సాయంత్రమే చెప్పాలి. థియేటర్‌లో డయాథెర్మీ (కరెంటుతో కోసి, రక్తం ఆపే పరికరం) వల్ల లోహం దగ్గర కాలే ప్రమాదం ఉంది, ఎంఆర్‌ఐలో లోహం అసలే కుదరదు. మన ఆడవాళ్లకు దారి తెలుసు, పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టి వేసుకుని బంగారం తీసి ఇచ్చేస్తారు. మెడ ఆపరేషన్ అయితే ఆ తాడైనా చేతికి చుట్టుకోవాల్సిందే. స్ట్రెచర్ మీద థియేటర్ తలుపు దాకా తీసుకెళ్లి అప్పుడు తియ్యమంటే, పల్స్ 120తో ఏడుస్తూ లోపలికి వెళ్తుంది.

కార్తీకం వచ్చిందంటే అయ్యప్ప మాలలో ఉన్న పేషెంట్లు వస్తారు. షుగర్ ఉండి కాలికి పుండు పడ్డా చెప్పులు వేసుకోరు, చన్నీళ్ల స్నానం మానరు. నువ్వు చెబితే వినరు, గురుస్వామి చెబితే వింటారు. ఫోన్ కలిపి, పుండు సంగతి ఉన్నదున్నట్టు చెప్పి, ఆయనతోనే మాట్లాడించు. ఆపరేషన్‌కు గడ్డం, వెంట్రుకలు గొరగాలన్న భయం వాళ్లకు ఉంటుంది. కోత పడే చోట అడ్డమైతేనే, అదీ రేజర్‌తో కాకుండా క్లిప్పర్‌తో తియ్యాలన్నదే ఇప్పటి పద్ధతి, ఆ మాట వాళ్లకు ముందే చెప్పు.

తలనీలాల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, క్యాన్సర్ వార్డుకు వెళ్తే నీకూ ఎదురవుతుంది. పుంగనూరు వైపు నుంచి వచ్చిన ఒకామెకు రొమ్ము క్యాన్సర్. నయమైతే గుండు కొట్టించుకుంటానని కొండకు మొక్కుకుంది. రెండో కీమో నాటికి జుట్టు రాలడం మొదలైంది. ‘స్వామికి ఇయ్యాల్సింది చెత్తబుట్టలో పడతా ఉంది సిస్టర్’ అని రాలిన జుట్టంతా ఏరి కవర్లో దాచుకుంటోంది. ఆ కవర్‌ని హౌస్‌కీపింగ్ వాళ్లు పారేస్తారేమోనని నిద్రపోదు. విగ్ గురించి చెబితే మొహం తిప్పుకుంది. తన అందం గురించిన బాధ అయితే విగ్ పనికొచ్చేది. ఇది బాకీ తీర్చే వస్తువు చేజారుతోందన్న భయం. వాళ్ల ఊరి అయ్యవారికి ఫోన్ చేయించాం. ‘జుట్టు మళ్లీ వచ్చినాక ఇయ్యమ్మా, మొక్కుకు గడువు లేదు’ అన్నాడాయన. అదే మాట నేను అని ఉంటే ఓదార్పు కిందకి వస్తుంది, ఆయన అన్నాడు కాబట్టి తీర్పు అయ్యింది. మన వంతుగా చెప్పాల్సింది ఇంకోటి ఉంది. కీమో మధ్యలో ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు తక్కువున్నప్పుడు బ్లేడు గాటు పడితే రక్తం ఆగదు, ఇన్‌ఫెక్షన్ వస్తుంది. చికిత్స అయ్యి కౌంట్లు కోలుకున్నాయని డాక్టరు చెప్పాకే కల్యాణకట్ట. అంతదాకా ఆగలేనంటే ఆడవాళ్లు మూడు కత్తెర్లు ఇచ్చే పద్ధతి ఉండనే ఉంది, దానికి బ్లేడు అక్కర్లేదు.

ముస్లిం పేషెంట్లకు మనం చెయ్యాల్సింది తక్కువే, కానీ అదీ చెయ్యం. పడమర ఎటో చూపించడం, నమాజ్ వేళ ఆ పది నిమిషాలు బెడ్‌పాన్లు, ఎక్స్‌రేలు పెట్టకపోవడం. కూర్చుని, పడుకుని, సైగలతో కూడా నమాజ్ చెయ్యొచ్చు, నీళ్లు తగలకూడదంటే తయమ్ముమ్ (నీళ్ల బదులు శుభ్రమైన మట్టితో చేసుకునే శుద్ధి) ఉంది. ఇవి వాళ్లకు తెలుసు, ఆసుపత్రిలో కుదరదేమోనని మొహమాటపడతారు. రంజాన్‌లో జబ్బున్నవాళ్లకు ఉపవాసం నుంచి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది, తర్వాత పట్టుకోవచ్చు. అయినా కొందరు పట్టుకుంటారు. చెప్పకుండా ఇన్సులిన్ వేసుకుని పస్తులుంటే షుగర్ పడిపోతుంది కాబట్టి, ముందే నవ్వుతూ అడిగి డాక్టరుతో డోసు మార్పించాలి. క్రైస్తవుల్లో కేథలిక్కులైతే ఫాదర్ వచ్చి నూనెతో అభ్యంగం చేయాలని కోరతారు. ఆఖరి ఘడియ దాకా ఆపకుండా, మాట్లాడే స్థితిలో ఉండగానే కబురు పంపు. ఐసీయూలో గుంపుగా ప్రార్థన అంటే ఇద్దరికి, మెల్లగా అని చెప్పొచ్చు.

దేవుడు లేడనే రిటైర్డ్ మాస్టారు కూడా ఒకరు తగులుతారు. ఆయనకు ఏ అవసరమూ లేదని అనుకోకు. తన తర్వాత కళ్లు ఎవరికివ్వాలి, పుస్తకాలు ఏ బడికి పోవాలి అన్నది తేలక ఆయనకూ నిద్ర పట్టదు.

కొన్ని మాటలు వింటే మాత్రం వెంటనే కదలాలి. ‘అమ్మవారు పూనింది’ అని ఇంటివాళ్లు వేపమండలు తెచ్చేలోపు నువ్వు షుగర్ చూడు, ఆక్సిజన్ శాతం చూడు, జ్వరం చూడు, సోడియం పరీక్షకు రక్తం పంపాలా అని డాక్టరును అడుగు. రాత్రి నుంచి కొత్తగా పొంతన లేకుండా మాట్లాడుతున్న ముసలివాళ్లకు డెలిరియం (ఒంట్లో జబ్బు వల్ల ఉన్నట్టుండి వచ్చే మతిభ్రమ) కావచ్చు. చికెన్‌పాక్స్‌ని ‘అమ్మవారు పోసింది’ అంటే ఖండించక్కర్లేదు. వేపాకు మంచం మీద పెట్టుకోనివ్వు, మందు ఇవ్వు, విడిగా ఉంచు. అమ్మవారికి మందు పడదనే మాట మాత్రం నిజం కాదని నెమ్మదిగా చెప్పు, గర్భిణి అయితే ఇంకా గట్టిగా. ‘దేవుడు తీసకపోతే బాగుండు’ అన్న మాటను ఊరికే అనుకున్నారని వదిలెయ్యకు. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా, ఏమైనా చేసుకోవాలని ఉందా?’ అని సూటిగా అడుగు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలకు, డాక్టరుకు చెప్పు.

ఇంకోటి, ‘ఇది నా కర్మ, అనుభవించాల్సిందే’ అని మార్ఫిన్ వద్దనేవాళ్లు. సిసిలీ సాండర్స్ ఒంటి నొప్పి, మనసు నొప్పి, ఇంటి బెంగ, ఆధ్యాత్మిక వేదన అన్నీ కలిసిందే మొత్తం నొప్పి అని చెప్పింది. 1967లో లండన్‌లో చివరి దశ రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్ తెరిచిన ఆమె, డాక్టరు కాకముందు మనలాగే నర్సు. ఇలాంటి పేషెంట్ దగ్గర డోసు పెంచి లాభం లేదు, ఎందుకంటే మింగడం లేదు. దేనికి శిక్ష అనుకుంటున్నారో అడిగి వినాలి. కొన్నిసార్లు కర్మ పేరు వెనక మందు ఖర్చు దాగి ఉంటుంది, అదీ గమనించు. విన్న రహస్యాలు, పాత తప్పులు, ఇంటి గొడవలు కేస్ షీట్‌లోకి ఎక్కించకూడదు.

ఎక్కించాల్సింది వేరు. గడిలో ‘హిందూ’ పక్కన ఇలా రాయి: ‘మొక్కు తీరలేదని దిగులు, రాత్రి నిద్ర లేదు. కొడుకు రేపు కొండకు వెళ్తున్నాడు. చేతి తాడు తియ్యొద్దన్నారు, ఎడమ చేతికి మార్చాం. తీర్థం తలకు మాత్రమే, మింగే పరీక్ష కాలేదు.’ రెండు నిమిషాల పని. తర్వాతి షిఫ్ట్ సిస్టర్‌కు ఇది అక్కరకొస్తుంది, రాత్రి డ్యూటీ డాక్టరు కూడా చదువుతాడు. మీ ఇన్‌చార్జ్‌తో ప్రార్థన, దేవుడు అని మాట్లాడకు. అవ్వ ముక్కు గొట్టం సంగతే చెప్పిందనుకో, ‘మూడో బెడ్ అవ్వ రైల్స్ ట్యూబ్ అంటే భయపడుతోంది, అందుకే నిద్రపోవడం లేదు సిస్టర్, వేసేముందు నేను చెప్పి వేస్తాను’ అని చెప్పు. దానికి ఆవిడ కాదనరు. ఈ రాత్రి డ్యూటీ ఉంటే, పదిన్నర మందుల రౌండు అయ్యాక ఆ అవ్వ దగ్గరకు వెళ్లి ఏమని చెప్పమందో అడుగు.